మందు పేరు, మార్కెట్టు పేరు

ఒక్కో మందుకు మూడు పేర్లుంటాయి. రసాయన శాస్త్రం పెట్టిన పేరు మొదటిది. అది పలకాలంటే నోరు తిరగదు. దాదాపు ప్రపంచమంతటా వైద్యులు, ఫార్మసిస్టులు వాడే జెనరిక్ పేరు రెండోది. తయారుచేసిన కంపెనీ తన సరుకుకు పెట్టుకున్న బ్రాండు పేరు మూడోది. మందుల షాపులో జనం అడిగేది ఈ మూడో పేరునే. "డోలో ఒక షీటు ఇవ్వండి", "ఎకోస్ప్రిన్ అయిపోయింది", "ప్యాన్-డి ఉందా" అంటారు. మొదటిదానిలో పారాసిటమాల్, రెండోదానిలో ఆస్పిరిన్, మూడోదానిలో పాంటోప్రజోల్‌తో పాటు డోంపెరిడోన్ ఉన్నాయని తెలిసి అడిగేవాళ్లు తక్కువ. సొంతంగా కొనుక్కునే మందుల వల్ల జరిగే హానిలో పెద్ద వాటా ఇక్కడే మొదలవుతుంది. ఒకే మందును రెండు పేర్లతో రెండుసార్లు మింగుతారు. అసలు పొసగని రెండు మందుల్ని ఒకే పూట వేసుకుంటారు. కొద్దిపాటి ఖర్చుతో దొరికే మందుకు ఎన్నో రెట్లు ఇస్తారు.

ఈ చిక్కులన్నీ ఒకేచోట కనబడే మందు ఆస్పిరిన్. అది బ్రాండు పేరుగా పుట్టి జెనరిక్ పేరుగా మారింది. మోతాదు మారితే దాని పనే మారిపోతుంది. ఒకరి ప్రాణం నిలబెట్టిన మాత్రే ఇంకొకరికి కడుపులో రక్తస్రావం తెస్తుంది.

విల్లో బెరడు నుంచి

ఇంగ్లండులోని చిప్పింగ్ నార్టన్‌లో ఉండిన ఎడ్వర్డ్ స్టోన్ అనే క్రైస్తవ మతగురువు 1763లో లండన్ రాయల్ సొసైటీకి ఒక ఉత్తరం రాశాడు. విల్లో చెట్టు బెరడును ఎండబెట్టి, దంచి, చలిజ్వరంతో బాధపడుతున్న సుమారు 50 మందికి ఇచ్చి గుణం చూశానన్నది అందులోని సంగతి. బెరడు కొరికి చూస్తే సింకోనా బెరడులా చేదుగా ఉండడంతో అతనికి ఆ ఆలోచన తట్టింది. విల్లో కర్ర ఇక్కడి పిల్లలకు కొత్త కాదు. మంచి క్రికెట్ బ్యాట్లు చేసేది దానితోనే.

1828లో మ్యూనిక్‌లో యోహాన్ బుక్నర్ ఆ బెరడులోంచి సాలిసిన్ అనే చేదు పదార్థాన్ని వేరు చేశాడు. పదేళ్ల తర్వాత ఇటలీ శాస్త్రవేత్త రఫేలే పిరియా దాని నుంచి సాలిసిలిక్ ఆసిడ్ తీశాడు. 1874 నాటికి జర్మనీలో అది కార్ఖానాల్లో తయారవుతోంది. జ్వరం, కీళ్ల వాపు తగ్గేవి కాని, కడుపులో మంట, వాంతులు పట్టుకునేవి. అలా ఎందుకయ్యేదో నేటి వాడకం చూస్తే అర్థమవుతుంది. ఆనెలకు అంటించే ప్లాస్టర్లలోనూ, పులిపిర్లకు రాసే ద్రవంలోనూ ఇప్పుడున్నది ఆ సాలిసిలిక్ ఆసిడే. గట్టిపడిన చర్మాన్ని మెత్తబరిచి ఊడదీసే పదార్థాన్ని నెలల తరబడి మింగితే కడుపు ఓర్చుకోలేదు.

దీనికి దగ్గరి చుట్టం మిథైల్ సాలిసిలేట్. గంధపూర తైలం అన్నా అదే. నొప్పులకు రాసుకునే చాలా బామ్‌లకు, పూతమందులకు ఆ ఘాటైన తియ్యని వాసన దానివల్లే వస్తుంది. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన అమృతాంజనంతో తెలుగిళ్లకు బామ్ అలవాటై నూరేళ్లు దాటింది. పైన రాసుకోవడానికి పనికొచ్చే ఈ నూనె లోపలికి పోతే విషం. ఒక చిన్న చెంచాడు శుద్ధ గంధపూర తైలంలో ఇరవై పెద్ద ఆస్పిరిన్ మాత్రలకు సరిపోయేంత సాలిసిలేట్ ఉంటుంది. పసిపిల్లలున్న ఇంట్లో ఆ సీసా ఉండాల్సింది పై అరలోనే.

సాలిసిలిక్ ఆసిడ్‌కు అసిటైల్ అనే చిన్న తోక తగిలిస్తే ఆస్పిరిన్ అవుతుంది. ఈ పని 1853లోనే ఫ్రాన్సులో షార్ల్ గెరార్ చేశాడు కాని, అది శుద్ధంగా రాలేదు. బేయర్ కంపెనీ రసాయనజ్ఞుడు ఫెలిక్స్ హాఫ్‌మన్ 1897 ఆగస్టు 10న శుద్ధమైన రూపం తయారుచేసినట్టు తన ప్రయోగశాల పుస్తకంలో రాసుకున్నాడు. ఆ పని తన సూచన మేరకే జరిగిందని అతని సహోద్యోగి ఆర్థర్ ఐషెన్‌గ్రూన్ 1949లో ప్రకటించాడు. ఐషెన్‌గ్రూన్ యూదుడు, నాజీల నిర్బంధ శిబిరంలో బతికి బయటపడ్డవాడు. చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో అతని పేరు లేకపోవడానికి అదీ ఒక కారణమన్న వాదన తీసిపారేయదగ్గది కాదు.

1899లో బేయర్ ఈ మందుకు ఆస్పిరిన్ అని పేరు పెట్టింది. అసిటైల్‌లోని 'అ', స్పైరియా అనే మొక్క పేరులోని 'స్పిర్', మందుల పేర్లకు చివర తగిలించే 'ఇన్' కలిసి ఆ పేరయింది. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ ఓడిపోవడంతో ఆ పేరు మీద బేయర్‌కున్న హక్కు చాలా దేశాల్లో పోయింది. 1921లో అమెరికా న్యాయమూర్తి లర్నెడ్ హ్యాండ్, సామాన్య జనం దృష్టిలో ఆస్పిరిన్ అనేది మందు పేరే తప్ప ఒక కంపెనీ గుర్తు కాదని తీర్పిచ్చాడు. కెనడాలో, జర్మనీలో అది ఇప్పటికీ బేయర్ సొంత పేరే. సరిహద్దు దాటితే బ్రాండు పేరు జెనరిక్ పేరవుతుందన్నమాట.

ఒకే మాత్ర, రెండు పనులు

ఆస్పిరిన్ ఎలా పనిచేస్తుందో తెలియకుండానే ప్రపంచం దాన్ని 70 ఏళ్లకు పైగా మింగింది. 1971లో లండన్‌లో శాస్త్రవేత్త జాన్ వేన్ ఆ గుట్టు విప్పాడు. శరీరంలో దెబ్బ తగిలినచోట, సూక్ష్మజీవులు చేరినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు పుట్టి నొప్పి, వాపు, జ్వరం కలిగిస్తాయి. వాటిని తయారుచేసే సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైమును ఆస్పిరిన్ ఆపేస్తుంది. ఈ పరిశోధనకు వేన్‌కు 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

అయితే ప్రోస్టాగ్లాండిన్లు చేసేదంతా చెడు కాదు. కడుపు లోపలి పొరను ఆమ్లం తినేయకుండా కాపాడేవీ, కిడ్నీలకు రక్తం సరిగా అందేలా చూసేవీ అవే. నొప్పి ఆపిన చేయే ఈ కాపలానూ ఆపుతుంది. నొప్పి మాత్ర వేసుకుంటే కడుపు మండడానికి, కిడ్నీలు దెబ్బతినడానికి మూలం ఇదే.

ఇతర నొప్పి మాత్రలు ఎంజైమును కొన్ని గంటలపాటు పట్టుకుని వదిలేస్తాయి. ఆస్పిరిన్ తన అసిటైల్ తోకను ఎంజైముకు అతికించి దాన్ని శాశ్వతంగా పాడుచేస్తుంది. మామూలు కణమైతే కొత్త ఎంజైమును తయారుచేసుకుంటుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లలో కేంద్రకం ఉండదు కాబట్టి అవి తయారుచేసుకోలేవు. ప్లేట్‌లెట్ బతికే వారం పది రోజులూ దానికిక ఆ శక్తి రాదు. అందుకే గుండె జబ్బువాళ్లకు రోజుకు 75 మిల్లీగ్రాముల చిన్న మాత్ర చాలు. తలనొప్పికి అంత మోతాదు చాలదు. 300 నుంచి 600 మిల్లీగ్రాములు కావాలి. జనం దీన్ని రక్తం పలచన చేసే మాత్ర అంటారు గాని, రక్తం పలచబడదు. ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అంటుకోవడం తగ్గుతుంది.

ఈ గుణం గుండెపోటులో ఎంత మేలు చేస్తుందో 1988లో వెలువడిన ఐసిస్-2 పరీక్ష తేల్చింది. గుండెపోటు అనుమానంతో చేరిన 17,187 మందితో చేసిన పరీక్ష అది. నెలరోజులు రోజుకు 160 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ తీసుకున్నవాళ్లలో అయిదు వారాల్లో గుండె, రక్తనాళాల కారణంగా చనిపోయినవాళ్లు 23 శాతం తగ్గారు. ఇంత చవకైన మందు ఇంత పని చేయడం వైద్యంలో అరుదు. ఛాతీ మధ్య బరువు, చెమటలు, ఎడమ చేతికి పాకే నొప్పి కనిపించినప్పుడు 108కు ఫోన్ చేసి, ఆస్పిరిన్ పడనివాళ్లు కాకపోతే, వైద్యులు చెప్పిన మీదట 300 మిల్లీగ్రాముల మాత్రను నమిలి మింగించే పద్ధతి దాంతోనే స్థిరపడింది. నమలమనడంలో అర్థముంది: పైన పూత ఉన్న మాత్రను నీళ్లతో మింగితే అది కరిగేసరికి విలువైన సమయం పోతుంది. పక్షవాతం లక్షణాలు కనిపిస్తే మాత్రం ఇంట్లో ఆస్పిరిన్ ఇవ్వకూడదు. మెదడులో రక్తనాళం పూడిందా, చిట్లిందా అన్నది స్కాన్ తీస్తే తప్ప తెలియదు. రక్తనాళం చిట్లినవాళ్లకు ఆస్పిరిన్ ఇవ్వడం నిప్పులో నెయ్యి పోయడమే.

ఒకసారి గుండెపోటు వచ్చినవాళ్లకు, స్టెంటు వేయించుకున్నవాళ్లకు రోజూ చిన్న మోతాదు ఆస్పిరిన్ అవసరం. దాన్ని పన్ను పీకించుకోవాలనో, ఒక వారం షీటు దొరకలేదనో సొంతంగా మానేస్తే స్టెంటు పూడుకుపోయే ప్రమాదముంది. ఇక గుండె జబ్బు లేనివాళ్లు ముందుజాగ్రత్త పేరిట వేసుకోవడం వేరే సంగతి. ఆస్ట్రేలియా, అమెరికాల్లో 19,114 మంది ఆరోగ్యవంతులైన వృద్ధులతో చేసిన ఆస్ప్రీ పరీక్ష ఫలితాలు 2018లో వచ్చాయి. రోజుకు 100 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లకు గుండె విషయంలో చెప్పుకోదగ్గ మేలేమీ జరగలేదు. పెద్ద రక్తస్రావాలు మాత్రం పెరిగాయి. 60 దాటినవాళ్లు జబ్బు రాకముందే కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దని అమెరికా నివారణ సేవల నిపుణుల బృందం 2022లో సిఫారసు చేసింది. పక్కింటాయన వేసుకుంటున్నాడని, షుగరు ఉందని, వయసైందని సొంతంగా ఈ మాత్ర మొదలుపెట్టే అలవాటు తెలుగు కుటుంబాల్లో చాలా ఉంది. దానికి శాస్త్రం ఊతం లేదు. పేగులో కరిగే పూత ఉంది కదా, కడుపుకు ఏమీ కాదన్న ధీమా కూడా సరికాదు. హాని పొర మీద రాపిడి వల్ల మాత్రమే కాదు, రక్తంలో కలిశాక కూడా జరుగుతుంది. విరేచనం తారులా నల్లగా అవడం లోపల రక్తం కారుతోందనడానికి గుర్తు.

వాన కాలంలో డెంగీ ముసిరినప్పుడు జ్వరానికి ఆస్పిరిన్ గాని, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ గాని వేయకూడదు. ప్లేట్‌లెట్లు అప్పటికే పడిపోతుంటాయి. ఉన్నవాటినీ ఇవి పనికిరాకుండా చేస్తాయి. చిన్నపిల్లలకు ఏ వైరల్ జ్వరంలోనూ ఆస్పిరిన్ ఇవ్వరు. ఫ్లూ, ఆటలమ్మ వచ్చిన పిల్లలకు ఆస్పిరిన్ ఇచ్చినప్పుడు కాలేయం, మెదడు దెబ్బతినే రేస్ సిండ్రోమ్ వస్తున్నట్టు 1980ల్లో తేలింది. బ్రిటన్ 1986లో పిల్లల ఆస్పిరిన్‌ను మార్కెట్టులోంచి తీసేసింది. ఉబ్బసం ఉన్న కొందరికి ఒక్క మాత్రతోనే ఊపిరాడకుండా పోతుంది. గర్భిణులు దీన్ని సొంతంగా వాడకూడదు. అయితే బీపీ పెరిగి తల్లీబిడ్డలకు ముప్పు వచ్చే అవకాశమున్నవాళ్లకు ప్రసూతి వైద్యులే మూడో నెల చివరి నుంచి చిన్న మోతాదు రాస్తారు.

జ్వరం బిళ్ళ

పారాసిటమాల్ పుట్టుకలో ఒక పొరపాటు ఉంది. 1886లో స్ట్రాస్‌బర్గ్‌లో ఇద్దరు వైద్యులు రోగికి ఒక మందు ఇవ్వబోతే షాపు నుంచి మరో పదార్థం వచ్చింది. ఆ అసిటనిలైడ్‌తో జ్వరం తగ్గింది గాని, రోగుల పెదవులు నీలంగా మారేవి. అలాంటి హాని లేని రూపాల కోసం జరిగిన వెతుకులాటలో పారాసిటమాల్ దొరికినా, అరవై ఏళ్లపాటు పక్కన పడి ఉంది. శరీరంలో అసిటనిలైడ్ మారి ఏర్పడే పారాసిటమాలే అసలు పని చేస్తోందని 1948లో శాస్త్రవేత్తలు బ్రాడీ, ఆక్సెల్‌రాడ్ చూపించారు. 1955లో అమెరికాలో టైలెనాల్‌గా, మరుసటి ఏడు బ్రిటన్‌లో పనడాల్‌గా మార్కెట్టుకు వచ్చింది. అమెరికాలో దీన్ని అసిటమినోఫెన్ అంటారు. అక్కడి బిడ్డలు పంపిన టైలెనాల్, ఇక్కడి డోలో రెండూ ఒకటేనని తెలియక రెండూ వేసుకునే పెద్దలున్నారు.

ఇది కడుపును కొరకదు, ప్లేట్‌లెట్ల జోలికి పోదు. అందుకే జ్వరానికి మొదటి మందు అయింది. దీని ముప్పు కాలేయానికి. మోతాదులో ఉన్నంతసేపు కాలేయం దీన్ని సులువుగా వదిలించుకుంటుంది. మోతాదు మించితే ఒక విష పదార్థం పోగై కాలేయ కణాలను చంపేస్తుంది. ఆరోగ్యవంతుడైన పెద్ద మనిషికి రోజుకు పైహద్దు 4 గ్రాములు. బక్కగా ఉన్నవాళ్లకు, రోజూ తాగేవాళ్లకు అంతకంటే బాగా తక్కువ. హద్దు దాటడం ఎంత తేలికో ఒక చిన్న లెక్క చాలు. ఒళ్లు వెచ్చబడిందని 650 మిల్లీగ్రాముల మాత్ర మూడు పూటలా వేసుకుంటే 1,950. ముక్కు కారుతోందని వేసుకున్న జలుబు మాత్రలోనూ 500 ఉంటుంది. మూడు పూటలకు 1,500. ఒళ్లు నొప్పులకని ఐబుప్రొఫెన్‌తో కలిసిన మాత్రలో 325; మూడు పూటలకు 975. మొత్తం 4,425. వేసుకున్న మనిషి మాత్రం మూడు వేర్వేరు మందులు వాడాననే అనుకుంటాడు. ఎక్కువ మింగిన మొదటి రోజు పెద్దగా లక్షణాలేమీ కనబడకపోవచ్చు. విరుగుడైన అసిటైల్‌సిస్టీన్ బాగా పనిచేసేది తొలి గంటల్లోనే కాబట్టి బాగానే ఉన్నాడు కదా అని ఆగడం ప్రాణాంతకం.

పిల్లల విషయంలో చిక్కు చెంచాల దగ్గర వస్తుంది. మోతాదు వయసును బట్టి కాదు, బరువును బట్టి: కిలోకు 15 మిల్లీగ్రాములు. 10 కిలోల బిడ్డకు 150 కావాలి. చుక్కల మందులో ఒక మిల్లీలీటరుకు 100 ఉంటుంది కాబట్టి ఒకటిన్నర మిల్లీలీటరు పోయాలి. 5 మిల్లీలీటర్లకు 125 ఉన్న సిరప్ అయితే 6 మిల్లీలీటర్లు. 250 ఉన్నదైతే 3. సీసాలు మూడూ ఒకే కంపెనీవి, ఒకే రంగువి కావచ్చు. సిరప్ కొలతలో చుక్కల మందు పోస్తే నాలుగు రెట్లు లోపలికి పోతుంది.

నొప్పి మాత్రలు, కిడ్నీలు

ఐబుప్రొఫెన్‌ను ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో బూట్స్ కంపెనీకి చెందిన స్టివర్ట్ ఆడమ్స్, జాన్ నికల్సన్ 1960ల మొదట్లో కనిపెట్టారు. డైక్లోఫెనాక్, అసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్, నిమెసులైడ్ ఇదే కుటుంబానివి. నిమెసులైడ్ కాలేయానికి చేసే హాని దృష్ట్యా 12 ఏళ్లలోపు పిల్లలకు వాడకాన్ని భారత ప్రభుత్వం 2011లో నిషేధించింది. డైక్లోఫెనాక్ కథ మనుషులను దాటి పోయింది. ఆ మందు వేసిన పశువుల కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు చెడి చచ్చాయి. దక్షిణాసియాలో కొన్ని రాబందు జాతులు నూటికి 95కు పైగా తుడిచిపెట్టుకుపోయాక, 2006లో భారతదేశం పశువైద్యంలో దాన్ని నిషేధించింది.

మనిషి కిడ్నీలకూ ఇవి మంచివి కావు. ఎండలో చెమటోడ్చి, నీళ్లు సరిగా తాగక, సాయంత్రం ఒళ్లు నొప్పులకు ఒక నొప్పి మాత్ర వేసుకుని మర్నాడు మళ్లీ పనికి పోయే కూలీకి ముప్పు ఎక్కువ. నీరు తగ్గిన శరీరంలో కిడ్నీకి రక్తం అందించే దారిని తెరిచి ఉంచేవి ప్రోస్టాగ్లాండిన్లే. మాత్ర వాటినే ఆపుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో వేలమందిని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బుకు ఫలానాదే కారణమని ఇంకా తేలలేదు. అనుమానించి పరిశీలించిన అంశాల్లో నొప్పి మాత్రల వాడకమూ ఉంది. అసలు కారణం ఏదైనా, అప్పటికే నీరసించిన కిడ్నీ మీద రోజూ ఈ మాత్ర పడడం మంచిది కాదు. బీపీకి టెల్మిసార్టాన్, దానితోపాటు మూత్రం ఎక్కువగా పోయేలా చేసే మందు కలిసిన మాత్ర వాడేవాళ్లు నొప్పి మాత్రనూ జతచేస్తే మూడూ కలిసి కిడ్నీని ఒక్కసారిగా కుంగదీయగలవు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్ల మనిషి చేతిలో ఈ మూడూ ఉండడం ఏ ఊళ్లోనైనా కనిపించేదే.

ఇంకొక పొత్తు కూడా చూడాలి. గుండెకు ఆస్పిరిన్ వాడుతున్నవాళ్లు దానికి ముందు ఐబుప్రొఫెన్ వేసుకుంటే, ఎంజైములో ఆస్పిరిన్ అతుక్కోవాల్సిన చోటును అది ఆక్రమిస్తుంది. ఆస్పిరిన్ పని చేయకుండానే బయటికి పోతుంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2006లోనే ఈ హెచ్చరిక చేసింది.

దగ్గు, జలుబు, గ్యాస్, విరేచనాలు

జలుబు మాత్రల్లో ముక్కుదిబ్బడ తగ్గించడానికని కలిపే ఫినైలెఫ్రిన్‌ను నోటి ద్వారా తీసుకుంటే పనిచేయదని 2023 సెప్టెంబరులో అమెరికా నిపుణుల సలహా సంఘం ఏకగ్రీవంగా చెప్పింది. దశాబ్దాలుగా కోట్లమంది దానికి డబ్బు పోశారు. క్లోర్‌ఫెనిరమిన్ నిద్ర తెస్తుంది; మోటారు సైకిలు నడిపేవాళ్లు అది తెలుసుకుని వాడాలి. ఈ రెండూ కలిసిన మందును నాలుగేళ్లలోపు పిల్లలకు ఇవ్వవద్దని 2023 డిసెంబరులో భారత ఔషధ నియంత్రణాధికారి ఆదేశించారు. పిల్లల దగ్గు సిరప్‌ల సంగతి మరీ దారుణం. ఒక ద్రవ మందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే పారిశ్రామిక ద్రావణి కలిసి 1937లో అమెరికాలో వందమందికి పైగా చనిపోయారు. అదే విషం 2022లో గాంబియాలో, 2025లో మధ్యప్రదేశ్‌లో పసిపిల్లలను బలితీసుకుంది. 1937లోనే కారణం తెలిసిన మరణాలు ఇప్పటికీ ఆగకపోవడం క్షమించరానిది. చాలామటుకు వైరస్ వల్ల వచ్చి దానంతట అదే తగ్గే పిల్లల దగ్గుకు సిరప్ అవసరమే తక్కువ.

గ్యాస్ అన్న ఒక్క మాట కింద తెలుగులో అజీర్ణం, గుండెల్లో మంట, పుల్లని తేన్పులు, కడుపు ఉబ్బరం, ఒక్కోసారి గుండెపోటు కూడా దాక్కుంటాయి. నిజంగా ఆమ్లం ఎక్కువైనప్పుడు అల్యూమినియం, మెగ్నీషియం హైడ్రాక్సైడ్లు ఉన్న జెల్ నిమిషాల్లో ఉపశమనమిస్తుంది. బుసబుస పొంగే పొడుల్లో సోడియం ఎక్కువ కాబట్టి బీపీ, గుండె జబ్బులున్నవాళ్లకు పనికిరావు. పాంటోప్రజోల్, ఒమెప్రజోల్ వంటివి ఆమ్లం తయారీనే ఆపుతాయి. వీటిని పరగడుపున వేసుకోవాలి. కొన్ని వారాలకని మొదలైన మాత్ర ఏళ్ల తరబడి సాగితే బి12, మెగ్నీషియం తగ్గవచ్చు.

విరేచనాలకు ప్రాణం నిలబెట్టేది ఓఆర్ఎస్. 1971 బంగ్లాదేశ్ యుద్ధకాలంలో బనగావ్ శరణార్థి శిబిరంలో వైద్యుడు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లతోనే కలరా మరణాలను బాగా తగ్గించి చూపాడు. 2002 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న పొడి 20.5 గ్రాములు, లీటరు నీటికి సరిగ్గా ఒక పొట్లం. ఆ కొలతలో లేని, చక్కెర ఎక్కువైన పానీయాలను ఓఆర్ఎస్ పేరుతో అమ్మడం మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. పేరుకూ లోపలి సరుకుకూ మధ్య దూరం ఎంత ప్రమాదమో ఇంతకంటే చక్కని సాక్ష్యం దొరకదు.

చట్టం, జెనరిక్, ధర

చీటీ లేకుండా అమ్మదగిన మందులంటూ భారత చట్టంలో విడిగా జాబితా లేదు. 1945 ఔషధ నియమావళిలో హెచ్, హెచ్1, ఎక్స్ షెడ్యూళ్లలో ఉన్నవాటికి చీటీ కావాలి. మిగతావాటికి అక్కర్లేదని అర్థం. డైక్లోఫెనాక్, పాంటోప్రజోల్, యాంటీబయాటిక్స్ అన్నీ చీటీ మందులే. షాపులో అడిగితే ఇస్తున్నారంటే అది చట్టం కాదు, ఆచారం. కె షెడ్యూలు ప్రకారం వెయ్యిమందికి మించని పల్లెల్లో లైసెన్సు లేని కిరాణా కొట్టులోనూ ఆస్పిరిన్, పారాసిటమాల్, నొప్పి బామ్, గ్రైప్ వాటర్, ఆముదం లాంటివి అమ్మవచ్చు.

పేటెంటు గడువు తీరిన మందును ఏ కంపెనీ అయినా తయారుచేస్తే అది జెనరిక్. ఈ లెక్కన డోలో, క్రోసిన్ కూడా జెనరిక్‌లే. పేరు తగిలించుకున్న జెనరిక్‌లు. భారతదేశంలో అమ్ముడయ్యేవాటిలో ఎక్కువ భాగం ఇలాంటివే. 1970 పేటెంటు చట్టం మందుకు కాక తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇవ్వడంతో, వేరే పద్ధతిలో అదే మందు చేసే దారి తెరుచుకుంది. 2005లో ఉత్పత్తి పేటెంటు తిరిగి వచ్చేదాకా అది సాగింది. హైదరాబాదులో ప్రభుత్వరంగ ఐడీపీఎల్ కార్ఖానా ఆ విద్యకు బడి అయింది. అక్కడ పనిచేసిన కల్లం అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఇవాళ హైదరాబాదు చుట్టుపక్కల తయారైన పారాసిటమాల్ అనేక దేశాల షీట్లలోకి చేరుతోంది. దీనికి పటాన్‌చెరు చుట్టూ ఉన్న ఊళ్లు మూల్యం చెల్లించాయి. అక్కడి శుద్ధి కేంద్రం నుంచి వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. మనిషి రక్తంలో చికిత్సకు ఉండే మోతాదును మించిన యాంటీబయాటిక్ అది. చవక మందు లెక్కలో ఈ వాగుల నీళ్లనూ వేయాలి.

జెనరిక్ పనిచేస్తుందా అన్నదానికి కొలత ఉంది. మొదటి మందు, జెనరిక్ రెండూ వాలంటీర్లకు ఇచ్చి రక్తంలో ఎంత చేరిందో, ఎంత వేగంగా చేరిందో పోలుస్తారు. ఆ నిష్పత్తి అంచనా పరిధి మొత్తం 80 నుంచి 125 శాతం మధ్యనే ఉండాలి. మాత్రలో మందు 20 శాతం తక్కువ ఉండవచ్చని దీన్ని వ్యాఖ్యానించడం తప్పు. పరిధి మొత్తం ఆ హద్దుల్లో ఇమడాలంటే సగటు తేడా చాలా స్వల్పంగా ఉండాలి. ఈ పరీక్ష సరిగా కరగని మందులకు భారతదేశంలో తప్పనిసరి అయింది 2017లోనే. అంతకుముందు లైసెన్సు పొందినవాటి మీద వైద్యులకున్న సందేహాలు పూర్తిగా నిరాధారం కాదు. కేంద్ర ఔషధ సంస్థ ప్రతి నెలా ప్రమాణాలకు తగని మందుల జాబితా ప్రకటిస్తుంది. అందులో పేరున్న బ్రాండ్లూ, పేరులేనివీ రెండూ కనిపిస్తాయి. బ్రాండు పేరు నాణ్యతకు హామీ కాదు, దాని లేమి నాణ్యతాలోపమూ కాదు. జ్వరం, నొప్పి, గ్యాస్ మందుల్లో జెనరిక్‌కు మారడానికి భయపడే పనిలేదు. మూర్ఛకు ఫెనిటాయిన్, థైరాయిడ్‌కు లెవోథైరాక్సిన్, రక్తం గడ్డకట్టకుండా వార్ఫారిన్ వంటివాటిలో మాత్రం కొద్ది తేడా కూడా లెక్కకొస్తుంది. ఒక కంపెనీదే వాడుతూ, మారాల్సి వస్తే పరీక్షలు చేయించుకుంటూ మారాలి.

2008లో మొదలైన జన ఔషధి కేంద్రాలు ఇప్పుడు దేశంలో 15,000 దాటాయి. బ్రాండ్ల కంటే 50 నుంచి 80 శాతం తక్కువకు దొరుకుతాయని ప్రభుత్వం చెబుతుంది. మామూలు షాపులో పేరులేని జెనరిక్ అడిగితే అంత లాభం దక్కకపోవచ్చు. షాపువాడికి పడే ధరకూ, షీటు మీద అచ్చయిన ఎమ్మార్పీకీ మధ్య పెద్ద తేడా ఉండి, లాభం అక్కడే ఆగిపోతుంది. వైద్యులు జెనరిక్ పేర్లే రాయాలన్న జాతీయ వైద్య కమిషన్ నిబంధన 2023 ఆగస్టులో వచ్చి, ఆ నెలలోనే పక్కకు పోయింది.

షీటు మీద రాసి ఉండేది

పారాసిటమాల్ షీటును వెనక్కి తిప్పితే బ్రాండు పేరు, దాని కింద జెనరిక్ పేరు, పక్కన ఐపీ అన్న రెండక్షరాలు, మిల్లీగ్రాములు ఉంటాయి. ఐపీ అంటే భారత ఔషధ సంపుటి ప్రమాణాలకు లోబడి చేసిందని. జెనరిక్ పేరు బ్రాండు పేరు కంటే రెండు సైజులు పెద్దగా ఉండాలన్న నియమం 2018 నుంచి అమల్లో ఉంది. మోతాదు మించితే లివరుకు హాని అన్న హెచ్చరిక, చీటీ మందైతే ఆర్ఎక్స్ గుర్తు, బ్యాచ్ నంబరు, తయారైన నెల, గడువు నెల, ఎమ్మార్పీ వరుసగా ఉంటాయి. దాదాపు అన్నీ ఇంగ్లీషులోనే. ప్రాణం మీదికి వచ్చే హెచ్చరికను కొనేవాడి భాషలో అచ్చువేయకపోవడం పెద్ద లోటు. తెలుగు మాత్రమే చదవగలిగినవాళ్లకు ఆ షీటు మూగది.

విడిగా నాలుగు మాత్రలు కొంటే కత్తెర పడేది తరచుగా గడువు తేదీ ఉన్న మూల మీదే. రెండో వైపు నుంచి కత్తిరించమని అడగవచ్చు. గడువు నెల అంటే ఆ నెల చివరి రోజు వరకని. వంటింటి ఆవిరి తగిలేచోట, స్నానాల గది అలమరలో మాత్రలు ఉంచకూడదు. ఆస్పిరిన్‌కు తేమ అసలు పడదు. డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన గుప్పుమంటే, 1897లో హాఫ్‌మన్ తగిలించిన అసిటైల్ తోక ఊడి అసిటిక్ ఆసిడ్‌గా మారిందని అర్థం. మాత్రలో మిగిలేది ఆనెకాయ ప్లాస్టరులో ఉండే సాలిసిలిక్ ఆసిడ్. దాన్ని పారేయాలి.